‘మరి మొన్నొచ్చిన ఆయమ్మకు ఎంత తీసినావు నాయనా?’

ప్రశ్న: మేడం, మాది ప్రొద్దుటూరు. మా నాయన కాలం నుంచి చిన్న బంగారు అంగడి ఉంది. మా వాడికి 15 ఏళ్లు. పదో తరగతి పరీక్షలు అయిపోయినాయి, సెలవుల్లో ఫోన్ చూస్తా కూర్చోవడం ఎందుకని అంగట్లో కూర్చోబెట్టినా. రెండు వారాల కిందట జమ్మలమడుగు పక్క పల్లె నుంచి ఒక ముసలామె పాత రాళ్ల కమ్మలు అమ్మడానికి తెచ్చింది. రాళ్లు తీసి తూకం వేస్తే 6 గ్రాముల 200 మిల్లీ వచ్చింది. లోపల నింపిన లక్కకు, పట్టిన మట్టికి అని 1 గ్రాము 100 మిల్లీ తీసి లెక్క కట్టినా. అంత తీయాల్సిన పని లేదని నాకూ తెలుసు, కానీ వ్యాపారంలో నిలబడాలంటే కొన్ని తప్పవు. మా వాడు అందరి ముందూ ‘నాయనా, నిన్న ఇట్లాంటివే కరిగిస్తే 300 మిల్లీనే కదా పోయింది’ అన్నాడు. ఆమె కమ్మలు కొంగున కట్టుకొని లేచి వెళ్లిపోయింది. నగలు చూస్తున్న ఇంకో ఇద్దరు కూడా మెల్లగా జారుకున్నారు. ఇంటికొచ్చి నిలదీస్తే తల వంచుకోకుండా ‘మరి మొన్నొచ్చిన ఆయమ్మకు ఎంత తీసినావు నాయనా?’ అని ఎదురు అడిగినాడు. చెంప మీద కొట్టినా. అప్పటి నుంచి నాతో మాట్లాడడు, అంగడికి రాడు, నేను కొనిచ్చిన ఫోన్ తెచ్చి నా మంచం మీద పెట్టేసినాడు. ఏటా ఒంటిమిట్ట కల్యాణానికి తీసుకుపోయి, తండ్రి మాట కోసం రాముడు అడవికి పోయినాడని చెప్పి పెంచినాం. నా భార్య వాడికి సారీ చెప్పమంటుంది. తండ్రి కొడుక్కి సారీ చెప్తే రేపు ఏ మాటైనా వింటాడా? వాణ్ని దారికి తెచ్చేది ఎట్ల?

సమాధానం: అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద బాగా కోపం వచ్చింది. రెండోసారి అంత రాలేదు, ఎందుకంటే 1 గ్రాము 100 మిల్లీ తీశానని, అంత అక్కర్లేదని తెలిసే తీశానని మీ అంతట మీరే రాశారు. తన తప్పేమీ లేదని గట్టిగా అనుకునేవాళ్లు ఆ అంకె రాయరు, ‘లక్కకు కొంచెం తీశాను’ అని తేల్చేస్తారు.

మీరు అంగట్లో మాటకు కొట్టానని అనుకుంటున్నట్టున్నారు. నాకైతే అలా అనిపించలేదు. అంగట్లో వాడు అలా అన్నప్పుడు పరువు పోయిందని మండిపోయారు, అయినా చెయ్యి ఎత్తలేదు, ఇంటికొచ్చేదాకా ఓర్చుకున్నారు. చెయ్యి లేచింది రెండో మాటకు. మొన్నొచ్చిన ఆయమ్మకు ఎంత తీసినావు అన్న ప్రశ్నకు. దానికి మీ దగ్గర జవాబు ఉంది, అది చెప్పలేకపోయారు కాబట్టి కొట్టారు. ఉత్తరంలో కూడా ఆ జవాబు లేదు చూడండి. రెండు ప్రశ్నలు నన్ను అడిగారు గానీ, వాడు మిమ్మల్ని అడిగిన ఒక్కదానికీ బదులు రాయలేదు.

రాముడి సంగతికి వస్తాను, ఎందుకంటే దాన్ని మన ఇళ్లలో పిల్లల నోరు మూయించడానికి వాడినంతగా ఇంక దేనికీ వాడం. ప్రహ్లాదుడి కథ నేను ఎత్తను. అహోబిలం మీకు దగ్గరే, ఆ కథ మీకు నాకంటే బాగా తెలుసు, పైగా మీరు హిరణ్యకశిపుడేమీ కాదు, చేతి వాటం కొంచెం ఎక్కువైన వ్యాపారి, అంతే. కానీ రాముడి కథ ఇంకోసారి చూడండి. వాల్మీకి చెప్పిన దాంట్లో, రాముడు సెలవు తీసుకోవడానికి వచ్చినప్పుడు దశరథుడు ఏమంటాడో తెలుసా? నేను కైకకిచ్చిన వరాల్లో చిక్కుకొని మోసపోయాను, నన్ను నిర్బంధించి ఈ అయోధ్యకు నువ్వే రాజువి కమ్మంటాడు. తండ్రి నోటితో చెప్పిన మాట అది. రాముడు వినలేదు. రాజ్యం వద్దు, మీరు ఆడిన మాట అబద్ధం కాకూడదు అని అడవికి పోయాడు. తండ్రి ఆ పూట ఏం కోరుకున్నాడన్నది పక్కన పెట్టి, అంతకుముందు తండ్రి ఇచ్చిన మాటకు కట్టుబడ్డాడు. మీరు పిల్లాడికి చెప్పిన కథలో ఈ ముక్క లేదు. భరతుడి సంగతి ఇంకా తేట. కన్నతల్లి కొడుకు కోసమని రాజ్యం సంపాదించి పెడితే, ఛీ అని తోసేసి అన్న పాదుకలు తెచ్చుకున్నాడు. తల్లి మాట ధిక్కరించాడని భరతుణ్ని ఇన్ని వేల ఏళ్లలో ఎవరైనా తిట్టారా? ఒంటిమిట్టలో వెన్నెల్లో కల్యాణం చూసి వచ్చిన పిల్లాడు ఈ కథలోంచి మీరు చెప్పని భాగం కూడా ఎట్లాగో నేర్చుకున్నట్టున్నాడు.

మీ నాయన ఆ అంగడి పెట్టినప్పుడు ఊరికి ఒక మాట ఇచ్చి ఉంటాడు కదా. బోర్డు మీద రాశాడో లేదో నాకు తెలియదు, కానీ నమ్మకం అన్న మాట లేకుండా బంగారం అంగడి నడవదు, ప్రొద్దుటూరులో అయితే అసలే నడవదు. రాయలసీమలో ఏ మూల పెళ్లయినా జనం బస్సులెక్కి అక్కడికే వస్తారంటే కారణం అదే. మీవాడు నిలబెట్టింది వాళ్ల జేజినాయన మాట.

ఇప్పుడు మీరు నిజంగా భయపడుతున్న దానికి వద్దాం. తండ్రి చెప్పింది తప్పు అని పిల్లాడు ఒకసారి అనుకుంటే, రేపు రాత్రి పదికి ఇంటికి రమ్మన్నా, బండి తాళం అడగొద్దన్నా వినడేమో అని. ఈ భయం నాకూ ఉండేది, టీచర్‌కు లేకుండా ఎట్లుంటుంది, నలభై మంది పిల్లలు నా మాట వినకపోతే ఆ గది సంత అయిపోతుంది. అయితే ఎలియట్ ట్యూరియల్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఆయన దారిలో ఇంకా చాలామంది, 1970ల నుంచి చిన్న పిల్లలను కూర్చోబెట్టుకొని ఒక రకం ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. బడిలో ఫలానాది చేయకూడదని నియమం ఉంది, టీచరే సరే చేయండి అంటే చేయొచ్చా? బట్టల గురించో, ఎక్కడ కూర్చోవాలన్న దాని గురించో అడిగితే, ‘ఆ, టీచర్ ఒప్పుకుంటే చేయొచ్చు’ అంటారు. పక్క పిల్లాడిని కొట్టడం గురించి అడిగి, టీచర్ కొట్టొచ్చు అంటే కొట్టొచ్చా అంటే మాత్రం నాలుగైదేళ్ల పిల్లలు కూడా ఎక్కువమంది కొట్టకూడదనే అంటారు. టీచర్ చెప్పినా తప్పే, వాడికి నొప్పి పుడుతుంది కదా అంటారు. అంటే పెద్దవాళ్ల మాటతో మారేవి కొన్ని, మారనివి కొన్ని ఉన్నాయని పిల్లలకు చాలా చిన్నప్పుడే తెలుసు. ఈ రెండింటినీ కలిపి ఒకే మూట కట్టేది మనం.

కాబట్టి రాత్రి పది గంటల సంగతి మొదటి రకం, అందులో మీ మాటే చెల్లాలి. 15 ఏళ్లకు బండి తాళం ఇవ్వకండి, అడిగినా అలిగినా ఇవ్వకండి, చట్టం కూడా మీ వైపే ఉంది. ఫోన్ ఎంతసేపో చెప్పండి, ఇంటర్‌లో ఏ గ్రూపు అన్నదాని మీద కూర్చొని వాదించుకోండి, అక్కడ మాత్రం మీరు కాస్త తగ్గండి. కానీ ముసలామె కమ్మల్లోంచి 800 మిల్లీ ఎక్కువ తీయడం మీ మాటతో ఒప్పుగా మారదు. మీ నాయన చెప్పినా మారదు, నేను చెప్పినా మారదు. వాడు ధిక్కరించాడంటున్నారు, నిజానికి ఆ విషయంలో ఆజ్ఞ ఇచ్చే అధికారం మీకు మొదట్నుంచీ లేదు. లేనిదాన్ని వాడెట్ల ధిక్కరిస్తాడు?

నేను ఇంత ఖచ్చితంగా రాస్తున్నానంటే నేనేదో గొప్పదాన్నని కాదు. పన్నెండేళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడికి తనిఖీకి వస్తున్నారని తెలిసి, మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్క ఎట్ల చెప్పాలో పిల్లలకు ముందురోజే నేర్పించాం. నేర్పించింది నేనే, నల్లబల్ల ముందు నిలబడి, పాఠం చెప్పినట్టు. మరుసటి రోజు ఆ అధికారి ఏడో తరగతి పిల్లను లేపి వారానికి ఎన్ని గుడ్లు పెడతారమ్మా అనడిగాడు. ఆ పిల్ల నా వైపు చూసింది, తర్వాత వేళ్లు మడిచి లెక్కబెట్టి ‘ఒకటి సార్, ఒక్కో వారం సగం’ అనింది. నాకు కాళ్ల కింద నేల కదిలింది. బెత్తం పట్టుకోలేదు, 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక బడిలో పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదు, 17వ సెక్షన్ అని మాకు శిక్షణల్లో ఊదరగొట్టేవాళ్లు. కొట్టలేదు గానీ అంతకంటే చెడ్డ పని చేశాను. నెల రోజులు ఆ పిల్ల చెయ్యెత్తితే చూడనట్టు ఉన్నాను. నోటుబుక్కు తెస్తే మాట్లాడకుండా సంతకం పెట్టి ఇచ్చాను. రేపు మాట్లాడదాం, ఎల్లుండి మాట్లాడదాం అనుకుంటుండగానే వాళ్ల నాయన పనికోసం బెంగళూరుకు పోతూ ఇంటిల్లపాదినీ తీసుకుపోయాడు. టీసీ రాసిచ్చింది కూడా నేనే.

ఆ పిల్ల నా మాట వినని పిల్ల కాదు, తరగతిలో అందరికంటే ఎక్కువ వినేది. అబద్ధం ఆడొద్దని జూన్ నుంచి మార్చి దాకా నేను చెప్పింది గుర్తు పెట్టుకుంది, తనిఖీకి ముందురోజు అరగంట చెప్పింది పెట్టుకోలేదు. మీవాడూ అంతే అనుకుంటున్నాను. పదిహేనేళ్లు మీరు, మీ భార్య ఇంట్లో నేర్పింది ఒకటి, తూకం దగ్గర ఐదు నిమిషాల్లో చూపించింది ఒకటి. ఏది నిజంగా మా నాయన మాట అని వాడు తేల్చుకోవాల్సి వచ్చింది, మీకు ఎక్కువ గౌరవం దక్కే దాన్నే ఎంచుకున్నాడు. మీరేమో అందుకే కొట్టారు.

అందరి ముందూ అనకుండా లోపలికి పిలిచి చెప్పి ఉండొచ్చు కదా అని మీరంటారు. నిజమే, ఆ మాటలో సగం న్యాయం ఉంది. పెద్దవాళ్ల తప్పును నలుగురిలో ఎత్తి చూపితే వాళ్లు ముడుచుకుంటారే తప్ప మారరు, ఈ ఇంగితం పిల్లలకు నెమ్మదిగా నేర్పాలి. కానీ మీరొక్కసారి నిజాయితీగా ఆలోచించండి, వాడు మిమ్మల్ని వెనక గదిలోకి పిలిచి చెవిలో చెప్పి ఉంటే మీరు బయటికి వచ్చి ‘అమ్మా, లెక్క తప్పింది’ అని 800 మిల్లీ తిరిగి కలిపేవాళ్లా? మీ ఉత్తరం చదివితే నాకు నమ్మకం కుదరడం లేదు. ‘నీకు తెలీదు, నోర్మూసుకొని కూర్చో’ అనేవాళ్లు. వాడికీ ఆ సంగతి తెలిసే ఉంటుంది, అక్కడ వాడికి దొరికింది ఒక్క నిమిషం, ఆలోగా ఆమె డబ్బు తీసుకొని బస్టాండుకు పోతుంది.

ఇంకో సంగతి మీ వృత్తిలోదే, మీకు నేను చెప్పడం ఏంటి అనుకోకండి. కొత్త నగ కొనేవాళ్లకు ఈమధ్య కొంత రక్షణ వచ్చింది, 2021లో హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి చేయడం మొదలుపెట్టారు, 2023 ఏప్రిల్ నుంచి అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకూ వేరుగా ఇచ్చే నంబరు, ఉంటేనే హాల్‌మార్క్ నగ అమ్మాలి, కొనే మనిషి ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి. పాత బంగారం అమ్మేవాళ్లకు అలాంటిదేముంది? వాళ్ల అమ్మ పెళ్లిలో పెట్టిన కమ్మల మీద ఏ ముద్రా ఉండదు. బంగారం నాణ్యత పరీక్షించే కేంద్రానికి తీసుకుపోయి చూపించుకోవచ్చన్న సంగతి పల్లె నుంచి వచ్చిన ముసలామెకు ఎవరు చెప్తారు? గల్లా పెట్టె వెనక కూర్చున్న మనిషి ఎంత అంటే అంత. అమ్మడానికి వచ్చిందంటే ఆ ఇంట్లో ఫీజో, ఆసుపత్రో, అప్పో ఏదో ఉండే ఉంటుంది, సరదాకు కమ్మలు అమ్మే ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. మనిషికి 800 మిల్లీ చొప్పున నెలకు పది మంది అనుకున్నా 8 గ్రాములు, ఒక కాసు. ఈ లెక్క మీవాడు వేయకుండా ఉంటాడా? ఫోన్ మంచం మీద పెట్టేశాడంటే వేసే ఉంటాడు.

సారీ చెప్పాలా అంటే, చెప్పాలి. మీ భార్య ఎప్పుడో చెప్పేసిన దానికి నా సమాధానం కూడా ఎందుకు కావాల్సి వచ్చిందో మీరే ఆలోచించుకోండి. అయితే కొట్టినందుకు మాత్రమే చెప్పి ఊరుకుంటే వాడు నమ్మడు. ‘కొట్టింది తప్పురా, కానీ నువ్వు కూడా అట్ల అనకుండా ఉండాల్సింది’ అని మాత్రం దయచేసి అనకండి, ఆ ‘కానీ’ దగ్గర వాడి చెవులు మూసుకుపోతాయి. నలుగురిలో ఎట్ల మాట్లాడాలన్న పాఠం ఇంకో నెల ఆగి చెప్పొచ్చు. ముందు, ‘నువ్వు అడిగినప్పుడు చెప్పలేక కొట్టినా, ఇప్పుడు చెప్తా’ అనండి. అన్నాక నిజంగా చెప్పండి.

రేపు మాట వింటాడా అన్నారు. అన్నీ వినడు. పదిహేనేళ్లు దాటాక ఎవరూ అన్నీ వినరు, మీరు విన్నారా మీ నాయనవి?

వాణ్ని నెత్తిన పెట్టుకొని సత్యహరిశ్చంద్రుణ్ని చేయమని కూడా నేను చెప్పడం లేదు. వాడికి తూకం తెలుసు గానీ అంగడి బాడుగ తెలియదు, కంసాలికి మీరిచ్చే మజూరీ తెలియదు, రేటు పడిపోయిన వారం మీరు నిద్రపోకుండా గడిపిన రాత్రుల గురించి తెలియదు, మీకు అప్పులుంటే వాటి సంగతీ తెలియదు. ఆ వయసులో న్యాయం కత్తిలాగా ఉంటుంది, ఎటు తిప్పినా తెగుతుంది. ఖర్చుల పుస్తకం వాడి ముందు పెట్టండి. సానుభూతి కోసం కాదు. లక్కకు, మట్టికి తీయకుండా అంగడి నడపాలంటే మజూరీ ఎంత వేసుకోవాలి, పాత బంగారం మీద ఇంత శాతం నాకు లాభం అని బోర్డు మీద బాహాటంగా రాస్తే జనం వస్తారా రారా, ఇవన్నీ వాడితో కలిసి లెక్క వేయండి. చెప్పి తీసుకునే లాభాన్ని ఎవరూ తప్పు పట్టరు. పాత నగను అమ్మే మనిషి కళ్ల ముందే కరిగించి, కరిగించక ముందు తూకం, కరిగించాక తూకం రెండూ చీటీ మీద రాసివ్వండి. రేటు నచ్చకపోతే ముద్ద తీసుకొని వెళ్లొచ్చని నిప్పు మీద పెట్టకముందే చెప్పండి. కొందరు వెళ్లిపోతారు, పోనీండి.

అంగడికి రమ్మని బలవంతం చేయకండి. జూన్‌లో కాలేజీ తెరుస్తారు, ఈ సెలవులు ఇట్లే పోయినా నష్టం లేదు. ఫోన్ తీసుకోమని కూడా బతిమాలకండి, అక్కడే ఉండనివ్వండి, ఎప్పుడో ఒకరోజు తీసుకుంటాడు.

ఇక మొన్నొచ్చిన ఆయమ్మ. పాత బంగారం కొన్నప్పుడు పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకునే పుస్తకం మీ దగ్గర ఉంటుంది కదా. ఒక రాత్రి అంగడి మూశాక దాన్ని ఇంటికి తెచ్చి వాడి ముందు తెరవండి, వెనక్కి పోతూ ఆయమ్మ పేరు దాకా ముందు వెతకండి, ఆ తర్వాత ఎంత వెనక్కి పోగలరో మీ ఇష్టం. అందరికీ ఒకేసారి ఇచ్చేంత స్తోమత లేకపోతే నెలకు ఇద్దరికి ఇవ్వండి. కమ్మలు కొంగున కట్టుకొని వెళ్లిపోయిన ముసలామెకు మీరు బాకీ లేరు, ఆమెను మీవాడు కాపాడాడు. మిగతావాళ్లకు ఉన్నారు.

ఇచ్చేటప్పుడు మీకు ఒక అనుమానం వస్తుంది, 800 మిల్లీకి కొన్ననాటి రేటు కట్టాలా, ఇవాళ్టి రేటా అని. తేడా చిన్నది కాదు, మీకు తెలుసు. అది మాత్రం నన్ను అడగకండి, పుస్తకం మధ్యలో వేలు పెట్టుకొని వాణ్నే అడగండి.